వెలుగు చప్పుడు వినండి!

వెలుగును చూస్తాం. వినలేం... అనుకుంటాం. కానీ మంచినీళ్ల గ్లాసులోనో, పాలగిన్నెలోనో, ఒంట్లో పారే నెత్తురులోనో పడిన వెలుగు ఓ సన్నని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును పట్టుకోగలిగితే కంటికి దొరకని గుట్టు చెవికి దొరుకుతుంది. 1880లో ఓ సూర్యకిరణంతో మొదలై నేటి ఆసుపత్రుల దాకా వచ్చిన కథ ఇది.

బాలాపూర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది గణేశుడి లడ్డూ. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలంపాట ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. నిమజ్జనం రోజున అక్కడ చేరిన జనం కళ్లన్నీ లడ్డూ మీదే. చెవులు మాత్రం 'ఒకటోసారి... రెండోసారి...' అనే గొంతు మీద. లడ్డూ విలువ తేలేది చూస్తే కాదు, వింటేనే!

అదే ఊళ్లో ఏ రేకుల ఇంట్లోనైనా ఓ మధ్యాహ్నం కూర్చుని చూడండి. మబ్బు తప్పుకుని ఎండ ఒక్కసారిగా విరగ్గాస్తుంది. నాలుగు నిమిషాలు గడిచేసరికి పైన 'టప్... టప్...' మంటూ చప్పుడు. 'పిల్లి దూకిందేమో చూడరా' అంటుంది నానమ్మ. మనవడు బయటికెళ్లి చూస్తే పిల్లీ లేదు, గిల్లీ లేదు. మరి చప్పుడు చేసిందెవరు?

ఎండే!

వెలుగు పడింది. రేకు దాన్ని పీల్చుకుని వేడెక్కింది. వేడెక్కిన వస్తువు సాగుతుంది. సాగబోతే మేకులు పట్టి ఆపాయి. ఆ పెనుగులాటే మనకు వినిపించిన 'టప్'. మబ్బు అడ్డొస్తే రేకు చల్లబడి ముడుచుకుంటుంది. మళ్లీ 'టప్'. ఈ ఎండను సెకనుకు వందలసార్లు వెలిగిస్తూ, ఆర్పుతూ ఉంటే? ఆ టప్పులన్నీ కలిసిపోయి ఒక స్వరం అవుతుంది. శాస్త్రవేత్తలు 'ఫొటో అకౌస్టిక్ ఎఫెక్ట్' అని పిలిచే కాంతిధ్వని ఈ రేకుల చప్పుడుకు దగ్గరి చుట్టమే.

బెల్ విన్న ఎండ

దీన్ని మొదట విన్నవాడు చెవుల సంగతి బాగా తెలిసినవాడే. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్!

1880లో ఆయన, సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి తీగలేని టెలిఫోన్ ఒకటి తయారుచేశారు. పేరు ఫొటోఫోన్. మాట్లాడితే సన్నని అద్దం అదురుతుంది. దాని మీద పడిన సూర్యకాంతి కూడా ఆ మాటకు తగ్గట్టు హెచ్చుతగ్గులవుతుంది. అవతల సెలీనియం అనే పదార్థం ఆ హెచ్చుతగ్గులను తిరిగి మాటగా మారుస్తుంది. వాషింగ్టన్‌లో రెండు భవనాల మధ్య 213 మీటర్ల దూరం ఇలా మాట పంపారు. సూర్యకిరణం నవ్వడం, దగ్గడం, పాడటం విన్నానంటూ తండ్రికి సంబరంగా ఉత్తరం రాశాడు బెల్.

ఆ ప్రయోగాల మధ్యలోనే ఓ వింత ఎదురైంది. చిల్లులున్న చక్రాన్ని తిప్పుతూ దాని గుండా ఎండను ముక్కలు ముక్కలుగా పంపిస్తుంటే, అవతల విద్యుత్ పరికరమేదీ లేకపోయినా పదార్థమే శబ్దం చేస్తోంది! రబ్బరు బిళ్ల పలికింది. మసి పూస్తే మరీ గట్టిగా పలికింది. నలుపు వెలుగును ఎక్కువ మింగుతుంది కదా మరి. ఎంత ఎక్కువ మింగితే అంత పెద్ద చప్పుడు... అసలు రహస్యమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

1881 నాటికి ఇంగ్లండులో టిండాల్, జర్మనీలో రాంట్‌జన్ (ఎక్స్‌రేలు కనిపెట్టిన ఆయనే) వాయువుల్లోనూ ఈ చప్పుడు విన్నారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అంత సన్నని శబ్దాన్ని పట్టే మైకుల్లేవు. అంత బలమైన దీపాలూ లేవు. 1960లో లేజర్ వచ్చాకే దీనికి మళ్లీ దశ తిరిగింది.

తిన్నదెంత? మిగిలిందెంత?

ఇంతకీ ఈ చప్పుడుతో పనేమిటి?

ఓ ద్రవం ఎంత వెలుగును పీల్చుకుంటుందో తెలిస్తే అందులో ఏముందో చాలావరకు చెప్పొచ్చు. ఒక్కో పదార్థానికి ఒక్కో రంగు వెలుగంటే ఇష్టం. అందుకే ప్రయోగశాలల్లో చిన్న గాజు డబ్బాలో ద్రవం పోసి, ఓ పక్కనుంచి వెలుగు పంపి, రెండో పక్క ఎంత బయటికొచ్చిందో కొలుస్తారు. పోయిందంతా ద్రవం మింగినట్టు లెక్క. వైద్య పరీక్షల ల్యాబుల్లోనూ చాలా యంత్రాలు చేసే పని ఇదే.

రంగు నీళ్లకైతే ఈ లెక్క చక్కగా కుదురుతుంది. తేటనీళ్ల దగ్గరే తంటా. స్వచ్ఛమైన నీరు నీలి కాంతిని దాదాపుగా ముట్టుకోదు. సెంటీమీటరు మందం నీటిలోకి లక్ష కాంతి కణాలు పంపితే అది మింగేది నాలుగైదే! మరోపక్క గాజు ఉందే... గాలిలోంచి గాజులోకి వెళ్లేటప్పుడే వందకు నాలుగు వంతుల వెలుగు వెనక్కి తుళ్లిపోతుంది. అంటే లక్షకు నాలుగు వేలు. నాలుగు వేలు అటూఇటూ పోయే చోట నాలుగింటిని లెక్కపెట్టడం ఎలా?

పాల దగ్గర మరో చిక్కు. పాలలోని కొవ్వు, ప్రొటీన్ రేణువులు వెలుగును మింగవు, నలుదిక్కులా చెదరగొడతాయి. అందుకే పాలు తెల్లగా కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న పరికరానికి మాత్రం వెలుగు చేరదు. 'అబ్బో, అంతా మింగేశాయి' అని అది పొరబడుతుంది.

పెళ్లి పంక్తిలో అతిథి ఎంత తిన్నాడో తెలుసుకోవాలంటే గంగాళంలో మిగిలింది కొలవడం ఒక పద్ధతి. పక్కన పారబోసిందీ, పిల్లలు పట్టుకెళ్లిందీ కూడా ఆయన ఖాతాలోకే పోతుంది. అలాకాక ఆయన త్రేన్పునే వింటే? కాంతిధ్వని పద్ధతి అదే. మిగిలిన వెలుగును కొలవదు. మింగిన ద్రవాన్నే అడుగుతుంది. మింగని వెలుగు ద్రవంలో చప్పుడు చెయ్యదు కాబట్టి గాజు మీద తుళ్లిందీ, పాలలో చెదిరిందీ లెక్కలోకి రావు.

బారామతి నుంచి బెల్ ల్యాబ్స్‌కు

ద్రవాల విషయంలో ఈ పని చేసి చూపించినవాళ్లలో ముందువరుసలో ఉన్నది మన దేశంలో పుట్టినవాడే. చంద్రకుమార్ పటేల్... 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టారు. పుణె ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, 1961లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. గ్రాహంబెల్ పేరు మోస్తున్న ప్రయోగశాల అది. పరిశ్రమల్లో లోహాలను కోసే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో కనిపెట్టింది ఆయనే. 1970ల్లో కాంతిధ్వని పరికరాన్ని బెలూన్‌కు కట్టి పైకి పంపి, ఓజోన్ ఉండే ఎత్తుల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలిచారు. 1996లో అమెరికా ప్రభుత్వం ఆయనకు జాతీయ విజ్ఞాన పతకం ఇచ్చింది.

ఆయన, సహచరుడు ఆండ్రూ టామ్ 1979లో మంచినీటినీ, భారజలాన్నీ 'విన్నారు'. నీటిలోకి లేజర్ మెరుపులు పంపి, ద్రవాన్ని తాకుతూ ఉండే 'పీజో' బిళ్లతో చప్పుడు పట్టుకున్నారు. గ్యాస్‌స్టవ్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వస్తుంది కదా, అందులో ఉండేదీ పీజో పదార్థమే. ఒత్తిడి తగిలితే అది కరెంటు పుట్టిస్తుంది. లైటర్‌లో మన బొటనవేలు నొక్కుతుంది. ఇక్కడ వెలుగు నొక్కుతుంది!

నీటి అణువులో హైడ్రోజన్, ఆక్సిజన్ మధ్య బంధం వీణ తీగలా కంపిస్తుంటుంది. తీగకు పై స్థాయి స్వరాలున్నట్టే ఈ కంపనానికీ ఉంటాయి. వాటిలో కొన్ని ఎర్ర వెలుగుతో శ్రుతి కలుస్తాయి. కాబట్టి నీరు ఎరుపును కొద్దికొద్దిగా మింగుతుంది. ముదురు ఎరుపైతే మీటరు లోతులోనే దాదాపు సగం పోతుంది. ఎరుపు తీసేస్తే మిగిలేది నీలం. గ్లాసులో కనిపించని ఆ నీలం, లోతు పెరిగేకొద్దీ తేలుతుంది.

భారజలంలో హైడ్రోజన్‌కు బదులు దానికంటే రెట్టింపు బరువున్న డ్యుటీరియం ఉంటుంది. తీగకు బరువు తగిలిస్తే శ్రుతి దిగిపోదూ! అలాగే దాని స్వరాలు కూడా కంటికి కనిపించే ఎరుపును దాటి కిందికి జారిపోతాయి. అందుకే భారజలానికి నీలిరంగు లేదనే చెప్పాలి. మన మణుగూరు దగ్గర అశ్వాపురంలోని కర్మాగారంలో అణు రియాక్టర్ల కోసం తయారయ్యేది ఈ నీరే. రెండు గ్లాసుల్లో పోసి పక్కపక్కన పెడితే ఏది ఏదో కన్ను చెప్పలేదు. లేజర్ తట్టి వినే చెవి చెప్పేస్తుంది.

కుండను తట్టినట్టు...

లేజర్ అనగానే కాల్చేసే ఆయుధమే మెదులుతుంది. తప్పేం లేదు. బాలాపూర్ పక్కనే విజ్ఞానకంచలో అబ్దుల్ కలాం నాయకత్వంలో 1988లో రూపుదిద్దుకున్న రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణి పరిజ్ఞానానికి పెట్టింది పేరు. హైదరాబాద్‌లోని మరో డీఆర్‌డీవో ప్రయోగశాల 'చెస్' తయారుచేసిన 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర పరీక్షించారు కూడా. డ్రోన్లను కూల్చేంత శక్తి దానిది.

మన కథలో లేజర్ కాల్చదు. కుండ కొనేటప్పుడు పెద్దవాళ్లు వేలితో తట్టి చూస్తారే, అలా తడుతుంది. ఆ మెరుపు ఉండేది సెకనులో పది లక్షలో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ద్రవం వేడెక్కేది డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ కాస్త వేడికి ద్రవం చటుక్కున ఉబ్బుతుంది. ఆ ఉబ్బు అలగా మారి సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. బిళ్లను తాకుతుంది. తెర మీద ఓ గీత లేస్తుంది. చెదిరిన వెలుగు నేరుగా బిళ్ల మీద పడినా ఓ దొంగ గీత వస్తుంది. కానీ వెలుగు ముందే వచ్చేస్తుంది, చప్పుడు తీరిగ్గా వస్తుంది. పిడుగుపాటులో మెరుపు, ఉరుము తేడా లాంటిదే ఇదీ. ఆలస్యంగా వచ్చిన గీతనే లెక్కలోకి తీసుకుంటే సరి.

అయితే గీత ఎత్తు చూసి మింగిన వెలుగు ఇంత అని నేరుగా చెప్పలేం. ద్రవం స్వభావం కూడా కలుస్తుంది. ఆల్కహాల్ వేడికి ఎక్కువ సాగుతుంది. అందుకే అంతే వెలుగు మింగినా నీటికంటే సుమారు ఐదు రెట్లు గట్టిగా పలుకుతుంది. ఇక నీటి చేష్ట మరీ విచిత్రం. 4 డిగ్రీల చలి దగ్గర నీరు సాగదు, ముడుచుకోదు. అక్కడ వెలుగు పడినా నీరు మూగనోము పడుతుంది! ఇంకా చల్లబరిస్తే చప్పుడు మళ్లీ వస్తుంది, కానీ తలకిందులుగా. అందుకే ముందు లెక్క తెలిసిన రంగునీళ్లతో పరికరానికి శ్రుతి చేసుకుంటారు. వేడి మారకుండా కాపలా కాస్తారు. బుడగ ఒక్కటి చేరినా పాట చెడుతుంది.

శబ్దంతో వెలుగును వంచిన మనవాళ్లు

వెలుగు శబ్దాన్ని పుట్టించడం ఒక వైపు. శబ్దం వెలుగును వంచడం రెండో వైపు. ఆ రెండోవైపు కథలో తెలుగు నేలకు పెద్ద పీటే ఉంది.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి.రామన్ 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి ఆలోచనలో పడ్డారు. అది ఒట్టి ఆకాశపు నీడ కాదనీ, నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయనీ తేల్చారు. నీటి నీలంలో చెదరడం వాటా రామన్ చెబితే, మింగడం వాటా కొలవడానికి పటేల్ చెవి పనికొచ్చిందన్నమాట. ద్రవంలోంచి చెవికి వినపడని హెచ్చు శబ్దాలు పంపితే అక్కడ వెలుగు చీలిపోతుందని 1932లో అమెరికాలో, ఫ్రాన్స్‌లో గమనించారు. అలా ఎందుకు జరుగుతుందో 1935-36లో రామన్, నాగేంద్రనాథ్ సిద్ధాంతం చెప్పారు.

రామన్ శిష్యుడు సూరి భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన, శిష్యుడు బి.రామచంద్రరావు 1940ల్లో హెచ్చు శబ్దాలతో వెలుగును చీల్చే ప్రయోగాలను ముందుకు తీసుకెళ్లారు. తర్వాత ఉస్మానియా వైస్‌చాన్సలర్‌గా, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా, 1960ల్లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు భగవంతం. బాలాపూర్ పొరుగున ఉన్న కంచన్‌బాగ్‌లోని రక్షణ ప్రయోగశాలలు వేళ్లూనింది ఆ దశాబ్దంలోనే.

నెత్తురు చెప్పే కబురు

ఇప్పుడు ఈ విద్య ఎక్కువగా పనికొస్తున్నది మన ఒంట్లో పారే ద్రవం కోసం. నెత్తురు కోసం!

ఆక్సిజన్ నింపుకున్న నెత్తురు ఎర్రగా, అది ఇచ్చేసిన నెత్తురు ముదురుగా ఉంటుంది. రెండూ వేర్వేరు రంగుల వెలుగును మింగుతాయి. చర్మం మీదినుంచి రెండు రంగుల లేజర్ మెరుపులు పంపి, లోపలి నాళాల చప్పుడు వింటే ఎక్కడ ఎంత నెత్తురుందో, అందులో ఆక్సిజన్ ఎంతో అంచనా కట్టొచ్చు. వెలుగు కండలో చెదిరిపోయి దారి తప్పుతుంది. శబ్దం అంతగా తప్పదు. లోపలికి వెలుగుగా వెళ్లి బయటికి శబ్దంగా రావడమే ఇందులో కిటుకు. పెరిగే కణితి తనకోసం కొత్త నాళాలు అల్లుకుంటుంది, ఆక్సిజన్ లాగేసుకుంటుంది. ఆ గుర్తులు చూసి రొమ్ములోని గడ్డ ఎలాంటిదో తేల్చడంలో డాక్టర్లకు సాయపడే 'ఇమాజియో' అనే పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2021 జనవరిలో అనుమతి ఇచ్చింది. దీనికి అల్ట్రాసౌండ్ తోడుంటుంది, రేడియేషన్ ఉండదు.

ఇంకో ప్రయోగం మరీ ఆశ్చర్యం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్లో సాధారణంగా నల్లటి మెలనిన్ నిండి ఉంటుంది. అవి నెత్తురులో కలిసి ఇతర అవయవాలకు పాకితేనే ప్రాణాపాయం. కోట్ల ఎర్రకణాల మధ్య ఒక్క నల్లకణాన్ని వెతకడమెలా? సూది గుచ్చి తీసిన చెంచాడు రక్తంలో అది దొరక్కపోవచ్చు. అమెరికాలోని ఆర్కన్సా వైద్య విశ్వవిద్యాలయంలో వ్లాదిమిర్ జారోవ్ బృందం రక్తం తీయకుండానే, చేతి నాళం మీద లేజర్ పెట్టి విన్నది. నల్లకణం లేజర్ ముందుకు రాగానే చప్పుడు ఎగిసిపడింది. 2019లో వెలువరించిన ఫలితాల ప్రకారం 28 మంది రోగుల్లో 27 మందిలో ఆ కణాలను పట్టుకోగలిగారు. ఇది పరిశోధన దశ మాటే తప్ప మన వీధి చివర ల్యాబులో చేసే పరీక్ష కాదు. పైగా ఒంట్లో కొన్ని సెంటీమీటర్ల లోతు దాటితే వెలుగు చాలదు. చర్మం నలుపు కూడా కొంత వెలుగును ముందే మింగేస్తుంది. ఆ లెక్కలు సరిచేసే పని సాగుతోంది.

పొరుగూరి గాయం

కొద్దిపాటి జాడను పట్టే ఈ చెవి మరోచోట కూడా కావాలి. బాలాపూర్ వాళ్లు బట్టలకో, పుస్తకాలకో, కోచింగులకో వెళ్లే దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రెండు బాంబులు పేలాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, తినుబండారాల బండి దగ్గర ఆగినవాళ్లు... 18 మంది ప్రాణాలు పోయాయి. వందమందికి పైగా గాయపడ్డారు.

పేలుడు పదార్థాలు గాలిలోకి వదిలే ఆవిరి బహుస్వల్పం. వాటి జాడ పట్టడం ఎలాగన్నది ప్రపంచమంతా వేధిస్తున్న ప్రశ్న. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీవో తోడ్పాటుతో ఏర్పడ్డ హై ఎనర్జీ మెటీరియల్స్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నకు కాంతిధ్వనితోనూ జవాబు వెతికారు. టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ వంటివాటి ఆవిరిని చిన్న గదిలాంటి గొట్టంలో నింపి, లేజర్ మెరుపులతో తట్టి, మైకుతో విన్నారు. ఏ పదార్థం ఏ స్వరంలో పలుకుతుందో రాసిపెట్టుకున్నారు. రేపు ఎక్కడో ఓ సంచిలోంచి వచ్చే ఆవిరిని గుర్తుపట్టాలంటే ముందు ఆ గొంతు తెలిసుండాలి కదా!

మీరూ వినొచ్చు

ఖాళీ జామ్ సీసా ఒకటి తీసుకోండి. పెద్దవాళ్ల సాయంతో కొవ్వొత్తి మంట మీద దాని లోపలి గోడకు ఓ పక్క మసి పట్టించండి. రెండో పక్క తేటగా ఉంచండి. సీసా పూర్తిగా చల్లారాక మూత బిగించి, మూతకు చిన్న చిల్లు పెట్టండి. చీకటి గదిలో పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలిగించి, తేట పక్క బల్బు వైపు ఉండేలా పట్టుకుని చిల్లును చెవికి ఆనించండి. బల్బు మరీ దగ్గరొద్దు, కాలుతుంది.

మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. అందుకని బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. అది మన కంటికి ఆనదు. మసికి ఆనుతుంది. నిశ్శబ్దంగా ఉంటే సన్నగా 'గుయ్య్...' మని వినిపిస్తుంది. సీసాకూ బల్బుకూ మధ్య అట్టముక్క అడ్డుపెట్టండి. ఆగిపోతుంది. తీయండి. మళ్లీ వస్తుంది. గ్రాహంబెల్ విన్నదీ, పటేల్ నీటిలో పట్టుకున్నదీ, రోగి చేతి నాళంలో జారోవ్ వెతికిందీ ఈ చప్పుడునే.

ఈసారి మధ్యాహ్నం రేకు టప్పుమంటే మనవణ్ని పిల్లి కోసం పంపకండి నానమ్మా... అది ఎండ. తానెంత మింగిందో రేకు చెబుతోంది, అంతే!